హరిప్రసాద్‌ను గీరిన గుడ్డెలుగు

ఆ రోజు పొద్దున అడవి అంచు ఊరు కోంటలో హరిప్రసాద్ వేసుకున్న పథకం చిన్నదే. ఉన్ని టోపీ తీయకుండా ఇప్పపువ్వు సంత గట్టెక్కించాలి. మండే ఎండల్లో ఉన్ని టోపీ వింతే గాని, అతనికి వేరే దారి లేదు. సరుకు బేరమని ఊరందరికీ చెప్పి విశాఖపట్నం పోయి, వెనకతల జుట్టు తీయించి ముందుతల మీద నాటించుకొచ్చి నెల కూడా కాలేదు. ముందు చూస్తే కాకరకాయ మీది బుడిపెలు. వెనక చూస్తే ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, గోనెసంచి మూతి కుట్టినట్టు పొడుగాటి గాటు.

"గోకకుండ్రి! డాక్టరు వద్దన్నడు గదా," అంది భార్య మాధురి.

"చీమలు పాకినట్టుందే!"

"ఎదురుకొట్టు శ్రీరంగమన్నది అద్దమసుంటి బట్టతల. ఆయనకేమన్న బేరం తగ్గిందా?"

"నువ్వు నోరు మూస్కో. ఎవలడిగినా బేరానికే పోయిన్నని చెప్పు. నేనడిగినా గదే చెప్పు. నా మీద ఒట్టు!"

"సరే, ఒట్టు," అంది మాధురి.

దుకాణం ముందు మొదటి బుట్ట దించింది అడవిపల్లె నుంచి వచ్చిన సన్నే. ఆమె ఎక్కడ దించితే వాళ్ళ ఊరి పువ్వంతా అక్కడే దిగుతుంది. హరిప్రసాద్‌కు ఏడాది బతుకంతా ఆ పువ్వు మీదే. మర్యాదగా వంగి గుప్పెడు పువ్వు తీసి చూస్తుంటే, చెమటకు టోపీ జారి బుట్టలో పడింది.

సన్నే గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో సేటూ! గుడ్డెలుగు గీరిందా?"

ఆ పక్క పల్లెల్లో, తెల్లారకముందే ఇప్పచెట్ల కిందకు పోయి ఎలుగుకు ఎదురుపడ్డవాళ్ళు ఊరికొకరున్నారు. నెత్తిమీద గాటు కనిపిస్తే ఎవరూ ఇంకో కారణం వెతకరు. హరిప్రసాద్‌కు కూడా డాక్టరు కన్నా ఎలుగే పరువుగా తోచింది.

"ఔ, గీరింది. నేనూరుకున్ననా? మూతి మీద రెండు గుద్దిన," అన్నాడు.

ఆ కబురు టీకొట్టు చేరేసరికి ఎలుగులు రెండయ్యాయి. బస్టాండు చేరేసరికి పిల్లల్ని కూడా వెంటేసుకున్నాయి. ఫారెస్టు గార్డు వచ్చి, "సేఠ్‌జీ, బయాన్ ఇయ్యాలె. ఎట్ల గీరిందో చెప్పుండ్రి, రాస్కుంట," అన్నాడు. కుర్రాళ్ళు గాటు పక్కన మొహాలు పెట్టి ఫోటోలు దిగారు. పొద్దుటిదాకా దాచిన తలను, మధ్యాహ్నానికి హరిప్రసాద్ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వంచి వంచి చూపిస్తున్నాడు. ముందువైపు బుడిపెలు ఎలుగు పళ్ళగాట్లట.

తల ఎత్తి చూసేసరికి సన్నే బుట్ట నెత్తికెత్తుకుంటోంది.

"ఏందే, ఎటు వోతున్నవ్?"

"శ్రీరంగం సేటు కాడికి."

"నేనేం తప్పు చేసిన్నే?"

"మనిషి నెత్తురు చూసిన గుడ్డెలుగు ఆ మనిషిని ఎతుక్కుంట వస్తది సేటూ. ఇప్పపువ్వంటే దానికి పానం. నువ్వూ ఈడనే, పువ్వూ ఈడనే ఉంటే ఇంకెటు వోతది?"

ఆ మాటకు మిగిలిన బుట్టలన్నీ లేచాయి. హరిప్రసాద్ ఉరికి కాంటా మీదికెక్కాడు.

"ఆగుండ్రి! నన్ను ఏ గుడ్డెలుగూ గీరలే! విశాఖపట్నంల డాక్టరు కోసిండు! ఎనక జుట్టు తీసి ముందట నాటిండు!"

సంతంతా నోరు తెరిచింది. సన్నే మొగుడు హుంగా ముందుకొచ్చి అడిగాడు. "మరి నాటిన జుట్టేది సేటూ?"

"ఇగో!" అని ముందుతల నిమిరి చూపించబోయాడు హరిప్రసాద్. ఉన్న నాలుగు వెంట్రుకలూ అరచేతిలోకి వచ్చేశాయి. నాటినవి మొదట రాలిపోయి నెలల తర్వాత మళ్ళీ మొలుస్తాయని డాక్టరు చెప్పే ఉన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు హరిప్రసాద్ అద్దం చూసుకుంటున్నాడు.

"మొలుస్తది! మళ్ళ మొలుస్తది!" అని అరిచాడు. నాలుగడుగులు వెనక్కి జరిగింది జనం.

"మాధురీ! నువ్వన్న చెప్పవే, నేనేడికి పోయిన్నో!"

మాధురి పైట సర్దుకుంది. "సరుకు బేరానికి పోయిండ్రు," అంది.

"పాపం, దెబ్బ లోపలిదాంక తగిలింది," అంది సన్నే. "అక్కా, సేటును నీడకు తీస్కపో."

ఎదురుగా శ్రీరంగం బట్టతల తువ్వాలుతో తుడుచుకుని, సన్నే బుట్టను కాంటా ఎక్కించాడు.