తగ్గిన నీటిమట్టం

నీటిపారుదల శాఖ మూడో సబ్ డివిజన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా హిమాలయాల నుంచి ఒక హిమానీనదం బదిలీ మీద వచ్చింది. రావడానికి పదకొండేళ్లు పట్టింది. దాని నడక వేగాన్ని బట్టి ఆలస్యమేమీ లేదని డీఈ భుజంగరావు గారు ఫైల్లో రాశారు. గెడ్డవలసకు ఎగువన, రెండు కొండల మధ్య పారే వాగు, గెడ్డకు అడ్డంగా పడుకుని అది విధుల్లో చేరింది. దాని వెనక నీళ్లు నిలిచి చెరువైంది.

పనిమంతుడంటే అలా ఉండాలి. ఎండాకాలం ఒంటిమీద కరిగిన ప్రతి చుక్కనూ నిలువు గోతుల్లోంచి అడుక్కి దించుకునేది. అడుగున ఆ నీటితోనే సొరంగాలు తొలిపించుకుని దిగువకు పంపేది. చలికాలం పని తగ్గగానే తన బరువుతోనే వాటిని మూసేసేది. కాంట్రాక్టరు లేడు, టెండర్లు లేవు. లోపల ఏం జరుగుతోందో పైవాళ్లకు ఒక్క ముక్క చెప్పేది కాదు. అంత ముచ్చటైన ఉద్యోగిని ఆ ఆఫీసు అంతకుముందు చూసి ఎరగదు.

చెరువు మట్టం చూసి రిజిస్టరులో ఎక్కించే పని లస్కరు సన్నిబాబుది. గెడ్డవలసలోని నలభై రెండు ఇళ్లలో అతనిదొకటి. రిజిస్టరు మామూలు చెరువుల కోసం అచ్చేసింది. మట్టం పెరిగితే సైరను, తగ్గితే క్షేమం. ఆ ఏడు ఎండల్లో మూడు రోజులు వరసగా సైరను మోగింది, ఊరంతా పక్కనున్న ఎత్తైన మెట్ట మీదికెక్కి కూర్చుంది. నాలుగో రోజు పొద్దున మట్టం రెండడుగులు తగ్గింది. జనాన్ని ఇళ్లకు దిగమన్నారు. డీఈ గారు హిమానీనదానికి అభినందన పత్రం టైపు చేయించారు.

సన్నిబాబు పరుగున ఆఫీసుకు వచ్చాడు.

"నీరు పైనించి పొర్లనేదు బాబూ. మంచు కిందన దారి సేసుకున్నాది. పారే నీరే ఆ దారిని కరిగించి పెద్దది సేస్తాది. దారి పెద్దదయితే నీరు మరింత పారతాది. ఇంక ఆగదు."

డీఈ గారు ఓపిగ్గా విన్నారు. మట్టం తగ్గితే ప్రమాదమని రాసే గడి రిజిస్టరులో ఎక్కడుందో చూపించమన్నారు. సన్నిబాబు పేజీలన్నీ తిప్పాడు. లేదు.

అప్పుడతను పద్దెనిమిదేళ్ల సర్వీసులో మొదటిసారి అబద్ధం రాశాడు. మట్టం ఆరడుగులు పెరిగిందని గడి నింపాడు. గడి నిండింది కాబట్టి డీఈ గారికి సైరను మోగించక తప్పలేదు. ఊరు తిట్టుకుంటూ మళ్లీ మెట్టెక్కింది. మధ్యాహ్నానికి మంచు అడుగు తెరుచుకుని చెరువు చెరువంతా బండలతో సహా గంటలో దిగిపోయింది. నలభై రెండు ఇళ్లూ పోయాయి. మనిషి ఒక్కరూ పోలేదు.

అంత పెద్ద చెరువును గంటలో ఖాళీ చేసినందుకు హిమానీనదానికి ప్రమోషన్ వచ్చింది. అందులో అన్యాయమేమీ లేదు. తప్పుడు మట్టం రాసినందుకు సన్నిబాబు మీద విచారణ వేశారు. ఊరివాళ్లంతా టెంట్లలోంచి సాక్ష్యానికి వచ్చారు. ఆ పొద్దున నీరు పెరిగిందా తగ్గిందా అని విచారణాధికారి వాళ్లను అడిగారు.

"తగ్గినాది బాబూ" అంది సన్నిబాబు భార్య. మిగతావాళ్లూ అదే చెప్పారు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

చలికాలానికి మంచు కింద దారి మూసుకుని చెరువు నిండసాగింది. ఊరు పాత చోటే ఇళ్లు కట్టుకుంది. కొత్త లస్కరుగా మాత్రం, ఎన్నడూ అబద్ధం రాయని మనిషిని వెతికి వేశారు.