పెద్దాయన పోయారు

మరణం ప్రకృతి సహజమన్నది బయటి ప్రపంచంలో వాడుకలో ఉన్న ఒక అపోహ. అది తగిన నమూనాలో, తగిన అధికారి సంతకంతో మాత్రమే లభించే సదుపాయమని జనన మరణ నమోదు ప్రధాన కార్యాలయం చాలాకాలం క్రితమే తేల్చేసింది. ఆ కార్యాలయం దృష్టిలో మనిషి పోవడం వేరు, పోయినట్టు కావడం వేరు. (మొదటిది ఎవరికైనా చేతనవుతుంది. రెండోదానికి వరసలో నిలబడాలి.)

అంతటి కార్యాలయాన్ని నడిపించేది సంచాలకులవారని గోడమీది బోర్డు చెబుతుంది. నిజానికి నడిపించేది మేడమెట్ల కింద ఇరుకు గదిలో ఉన్న ఒక ఇనప పెట్టె. దాన్ని స్విచ్ అంటారు. లైటు వేసే మీట కాదు. భవనంలోని కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి దాని ఒళ్లోనే కలుస్తాయి. అది పనిచేస్తేనే ఒక గదిలో పుట్టిన బిడ్డ పక్క గదిలో కూడా పుట్టినట్టు లెక్క. ఆ పెట్టెను కనిపెట్టుకుని ఉండే నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్‌ను ఆఫీసంతా ‘నెట్టాయన’ అంటారు. కాంట్రాక్టు ఉద్యోగాన్ని ఏటికేడు గడువు పొడిగించుకుంటూ నెట్టుకొస్తున్న మనిషి కాబట్టి ఆ పేరు ఆయనకు రెండు విధాలా సరిపోయింది.

నెట్టాయనకు ఉన్నది ఒకటే కోరిక, పర్మనెంటు కావాలని. ఆ ఫైలు సిబ్బంది విభాగం సూపరింటెండెంటమ్మ బల్లమీద ఉంది. ‘నెట్‌వర్క్ విభాగంలో పర్మనెంటు ఖాళీ ఏర్పడినప్పుడు పరిశీలించవచ్చు’ అని దానిమీద రాసి ఉంది. ఆ విభాగంలో ఉన్నది నెట్టాయన ఒక్కడే, ఆయన కాంట్రాక్టు. మరి ఖాళీ చేసి వెళ్లడానికి అక్కడ పర్మనెంటుగా ఉన్నదెవరన్న సంగతి రాసినవారూ ఆలోచించలేదు, చదివినవారూ ఆలోచించలేదు. ఆలోచించకపోవడంవల్లే నెట్టాయన ఇన్నాళ్లూ ఆశగా ఉండగలిగాడు.

ఇంటికి వెళ్లి చెప్పులు విప్పకముందే భార్య “కదిలిందా?” అని అడుగుతుంది. “కదుల్తుంది” అంటాడు ఆయన. కాంట్రాక్టు మనిషంటే ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మొహం చిట్లిస్తారు. బ్యాంకువాళ్లయితే మొహమే చూడరు. ఆ మధ్య కూతురు, బడిలో తండ్రి ఉద్యోగం ఏమిటని అడిగితే ఏం చెప్పాలో తెలియక “రోజూ ఆఫీసుకి వెళ్లొస్తారు” అని చెప్పి ఊరుకుందట. అది గుర్తొచ్చినప్పుడల్లా నెట్టాయనకు మనసు చివుక్కుమంటుంది.

ఇన్నేళ్ల అనుభవంలో ఆయన కొన్ని సిద్ధాంతాలు ఏర్పరచుకున్నాడు. ఆఫీసు వరండాలో ఖాళీ చేతులతో నడవకూడదు. చేతిలో తీగముక్కైనా లేకపోతే ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు పిలిచి ప్రింటర్ చూపిస్తారు. ఎవరైనా ‘నెట్ పోయింది’ అన్నారంటే నెట్ తప్ప ఇంకేదో పోయి ఉంటుంది: ప్లగ్గు, పాస్‌వర్డు, ఒక్కోసారి మతి. ‘అంతా బాగుంది’ అని పొరపాటున కూడా అనరాదు. అన్నవాణ్ణి ‘మరి నువ్వేం చేస్తున్నట్టు?’ అంటారు. ‘చూస్తున్నాను’ అన్నదే భాషలోకెల్లా క్షేమకరమైన మాట. అన్నిటికంటే ముఖ్యం, యంత్రానికి మర్యాద ఇవ్వాలి. కసురుకుంటే మొరాయిస్తుందని ఆయన గట్టి నమ్మకం. (ఈ సిద్ధాంతాన్ని ఇంట్లో ఎందుకు అమలు చేయరని భార్య అడుగుతూ ఉంటుంది.)

అందుకే ఆ పాత స్విచ్‌ను ఆయన ‘పెద్దాయన’ అనేవాడు. రావడంతోనే “ఏం పెద్దాయనా, ఒంట్లో ఎలా ఉంది?” అని పలకరించేవాడు. కొంతకాలంగా పెద్దాయనకు ఒళ్లు వేడెక్కుతోంది, ఊపిరి తీసే ఫ్యాను గురక పెడుతోంది. కొత్త స్విచ్ ఒకటి స్టోర్సులో సీలు విప్పని పెట్టెలో ఎప్పటినుంచో ఉంది. కానీ పాతది పనిచేస్తున్నంత కాలం కొత్తది ఇవ్వకూడదని నిబంధన. పాతది పనిచేయడం మానేస్తే, ఆ సంగతి నెట్‌వర్క్ ద్వారా ఆన్‌లైన్‌లో తెలపాలని దానికింద ఇంకో నిబంధన. నెట్టాయన కాళ్లరిగేలా తిరిగి చెప్పాడు. స్టోర్సు అధికారి చెవిన పెట్టలేదు.

ఒక సోమవారం పొద్దున, హాలులో జనం కిటకిటలాడుతున్న వేళ, పెద్దాయన ఒంటిమీది పచ్చ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. గదిలో సన్నగా కమురు వాసన వచ్చింది. పైన కౌంటర్ల దగ్గర పుట్టినవాళ్లు పుట్టకుండా, పోయినవాళ్లు పోకుండా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. నెట్టాయన పెట్టెమీద చెయ్యివేసి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయనకు నిజంగానే దుఃఖం వచ్చింది. తరవాత, ఏ విభాగంలో పని ఆగినా ముందు సిబ్బంది విభాగానికి తెలపాలి కాబట్టి, గోడకున్న ఫోను తీశాడు.

“మేడం, పెద్దాయన పోయారు.”

“అయ్యో” అంది సూపరింటెండెంటమ్మ. “ఏ పెద్దాయనండీ?”

“మా నెట్‌వర్క్ విభాగం పెద్దాయన మేడం. మెట్ల కింద గదిలో ఉంటారే, ఆయన.”

మెట్ల కింద గది ఒకటుందని ఆవిడ వినడమే గాని చూడలేదు. అందులో ఎవరైనా ఉండే ఉంటారనుకుంది. “అంత హఠాత్తుగా ఎలా జరిగింది?”

“నిన్నటిదాకా ఎలాగో నెట్టుకొచ్చారు. పొద్దున వచ్చి ముట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. నా కళ్లముందే...”

“ముందే ఎవరికైనా చూపించాల్సిందండీ.”

“చూపించాను మేడం. వయసైపోయింది, ఇక చేసేదేం లేదన్నారు.”

“సర్వీసు ఎంత?”

“నాకంటే ముందొచ్చారు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు మేడం, ఆదివారాలు కూడా పనిచేశారు” అన్నాడు నెట్టాయన.

“పర్మనెంటేనా?”

“పర్మనెంటే మేడం. కదిలించడానికి లేకుండా బిగించేశారు.”

అటుపైన కార్యాలయం ఏ అర్జీ విషయంలోనూ చూపని చురుకుదనం చూపింది. నెట్ లేనప్పుడు సిబ్బంది మరణాలను మాత్రం చేతిరాతతో నమోదు చేసుకోవచ్చన్న వెసులుబాటును సూపరింటెండెంటమ్మ వాడుకుంది. సంచాలకులవారు సంతాపం ప్రకటించారు. నెట్టాయన చేతిలో తీగముక్కతో పైకి వచ్చేసరికి సిబ్బంది అంతా లేచి తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వరసల్లోని జనం కూడా, ఇదీ దరఖాస్తులో ఒక భాగమేమోనని, తలలు వంచుకున్నారు.

నెట్టాయన కూడా మర్యాదకు తల వంచి, పక్కనున్న టైపిస్టును మెల్లగా అడిగాడు. “ఎవరండీ పోయింది?”

“మీ పెద్దాయనేనటండీ. చాలా మంచివారట పాపం.”

“ఎవరు చెప్పారు?”

“సంచాలకులవారే చెప్పారు. ఆయనకి బాగా పరిచయమట.”

మౌనం ముగిసీ ముగియగానే నెట్టాయన సిబ్బంది విభాగానికి పరిగెత్తాడు. “మేడం, చిన్న పొరపాటు జరిగింది. పెద్దాయనంటే మనిషి కాదు, స్విచ్” అన్నాడు.

సూపరింటెండెంటమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. “పోయిన మాట నిజమేనా?”

“నిజమే మేడం.”

“సర్వీసులో ఉండగానేనా?”

“ఉండగానే.”

“మరి నేను రాసినదాంట్లో తప్పేముందండీ?”

“పోనీ, దాన్ని రద్దు చేయలేమా మేడం?”

“ఒకసారి నమోదైన మరణాన్ని రద్దు చేయాలంటే పోయినవారు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. రాగలరా?”

“రాలేరు మేడం.”

“పోనివ్వండి. మంచిపేరుతో పోయారు” అని ఆవిడ నిబంధనల పుస్తకం తెరిచింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఎవరికైనా మేలు చేయాలనిపిస్తే ముందు ఆ మేలుకు నిబంధన ఉందో లేదో చూస్తుంది, అంతే. “సర్వీసులో ఉండగా పోయినవారి స్థానంలో వారసుణ్ణి వెంటనే తీసుకోవచ్చు. కారుణ్య నియామకం. ఏ విభాగమూ అడ్డుపడటానికి లేదు. వారసులెవరైనా ఉన్నారా?”

నెట్టాయనకు ప్రాణం లేచొచ్చింది. “ఉన్నారు మేడం. స్టోర్సులోనే ఉన్నారు.”

“ఇంటిపేరు ఒకటేనా?”

“ఒకటే. పెట్టెమీద పెద్ద అక్షరాలతో ఉంది.”

“మైనరేమీ కాదుగా?”

“కాదు మేడం. పెట్టెలోనే పెద్దవాడయ్యాడు.”

“సిఫార్సు ఎవరు చేస్తారు?”

“నేను చేస్తాను” అన్నాడు నెట్టాయన. హాలులో జనం కేకలు వేస్తున్నారు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు. ఈ వారసుడు తప్ప ఆ పోస్టుకు తగినవారు మరొకరు లేరని ఒకచోట, ఉన్నా వారు తమ హక్కు వదులుకుంటున్నారని ఇంకోచోట పెట్టాడు. కార్యాలయ వైద్యుడు తన అలవాటు ప్రకారం అభ్యర్థిని చూడకుండానే ఆరోగ్యం దివ్యంగా ఉందని ధ్రువీకరించాడు. (అలవాటు కలిసొచ్చిన సందర్భం ఆయన వృత్తి జీవితంలో ఇదొక్కటే.)

స్టోర్సు అధికారి కిక్కురుమనకుండా పెట్టె ఇచ్చాడు. మధ్యాహ్నానికి మెట్ల కింద గదిలో పచ్చ దీపాలు వెలిగాయి. పైన జననాలు జరిగాయి, మరణాలు పూర్తయ్యాయి, జనం నవ్వుకుంటూ ఇళ్లకు వెళ్లారు. కార్యాలయంలోకి యువరక్తం ప్రవేశించిందని సంచాలకులవారు హర్షం వెలిబుచ్చారు. నెట్టాయన కొత్త స్విచ్‌కు ‘చిన్నాయన’ అని పేరుపెట్టి, ఇన్నేళ్లలో తాను సాధించిన ఘనకార్యం ఇదేననుకుంటూ ఇంటికి చేరాడు.

అన్నం తింటూ జరిగినదంతా చెప్పాడు. భార్య నవ్వుతూనే విన్నది. పెద్దాయన సంతాపం సంగతి దగ్గర కూతురు పొలమారేదాకా నవ్వింది.

“అయితే ఏమండీ, ఆ డబ్బాకి పర్మనెంటు ఇచ్చేశారా?” అంది భార్య.

“డబ్బా అనకు. చిన్నాయన.”

“సరే, చిన్నాయనకి. ఏ ఖాళీలో ఇచ్చారు?”

“పెద్దాయన ఖాళీలో.”

“పెద్దాయనది ఏ విభాగం?”

నెట్టాయన నోటిదాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగింది.

భార్య నవ్వడం మానేసింది. “ఖాళీ వస్తే మీకిస్తామన్నారు కదండీ. అంటే ఆ వచ్చినదేదో మీ చేత్తోనే ఇచ్చేసి వచ్చారన్నమాట.”

“రేపు వెళ్లి అడుగుతాను” అన్నాడు ఆయన.

“అడగండి. రేపు మీకేదన్నా అయితే నాకూ పిల్లకీ ఏమిటో అది కూడా అడగండి. డబ్బాకే వారసులుంటే మీకు మాత్రం లేరా?” ఆవిడ కోపంగా అన్నా బాగుండేది. కూతురి కంచంలో కూర వడ్డిస్తూ మామూలుగా అంది.

మర్నాడు నెట్టాయన సూపరింటెండెంటమ్మ ఎదుట నిలబడ్డాడు. తీగముక్క తెచ్చుకోవడం కూడా మరిచిపోయాడు. దారిలో రెండు మూడు ప్రింటర్లు చూడాల్సి వచ్చింది.

“ఖాళీ వచ్చినప్పుడు పరిశీలిస్తామన్నాం” అంది ఆవిడ. “వచ్చింది, పరిశీలించాం. మీ సిఫార్సే అన్నిటికంటే బలంగా ఉందండీ. ఇంత నిస్వార్థంగా రాసినవారిని నేనైతే చూడలేదు.”

“మరి నా ఫైలు మేడం?”

“ఉంటుంది. మళ్లీ ఖాళీ రాగానే చూద్దాం. కుర్రాడు గట్టిగా ఉన్నాడు కాబట్టి ఇప్పట్లో తొందరేం లేదు.”

నెట్టాయన గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. “ఇంకొక్క మాట మేడం. నేనూ ఏ రోజూ సెలవు పెట్టలేదు. ఆదివారాలు నేనూ వచ్చాను, నేను రాకపోతే పెద్దాయన అసలు లేచేవారే కాదు. రేపు నేను పోతే... మా ఆవిడకీ, మా పాపకీ ఏమైనా ఉంటుందా మేడం?”

సూపరింటెండెంటమ్మకు జాలివేసింది. పుస్తకం తీసి కాంట్రాక్టు ఉద్యోగుల అధ్యాయం వెతికింది, మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చదివింది. ఆవిడ మొహం తేటపడింది.

“మీరు లేనిపోని బెంగ పెట్టుకుంటున్నారు” అంది ఆప్యాయంగా. “కాంట్రాక్టువాళ్లు పోరండీ. గడువు ముగుస్తుంది, అంతే.”