పసుపు పెట్టిన టైట్స్

"చలి చెవులకెల్లి దూరుతది. మఫ్లర్ కట్టుకో" అంది సావిత్రమ్మ.

"హెల్మెట్ పట్టదవ్వా! నాకు చలి పెట్టేది మోకాళ్లల్ల" అంది అనూహ్య.

చెవులా, మోకాళ్లా అన్న ఆ తగాదా నాయనమ్మకూ మనుమరాలికీ మధ్య ఛాయ్ చల్లారేదాకా నడిచింది. ఆదివారం సైకిల్ పోటీలో నల్లగొండ తరఫున దిగేది అనూహ్య ఒక్కతే. తెల్లవారు చలికి మోకాళ్లు బిగుసుకుంటే పాలమూరు పిల్లల వెనకాల దుమ్ము తినాల్సిందే.

అందుకే తల్లి కోమల ఆన్‌లైన్‌లో కాళ్లకు అతుక్కునే పొడుగు లాగులు, మూడు రకాల టైట్స్ తెప్పించింది: సన్నది, నూగున్న మందపుది, భుజాల పట్టీలది. మూడూ బయట నలుపు, లోపల తెలుపు. తొడిగి చూసి ఒకటి ఉంచుకుని, మరక పడకుండా రెండు వాపసు చేయాలి. వాటిని మంచం మీద పెట్టి ఆమె కూరగాయలకు వెళ్లింది.

పసుపు పెట్టని కొత్త బట్ట సావిత్రమ్మ ఇంట్లో ఎవరి ఒంటిమీదకూ ఎక్కలేదు. నలుపు మీద పసుపు కనబడదని, మూడింటినీ తిరగేసి, చలి పెట్టే మోకాళ్ల దగ్గరే దండిగా పెట్టింది.

"అయ్యో అత్తమ్మా, ఇవి వాపసిచ్చేటివి!" అంది కూరగాయల సంచితో వచ్చిన కోమల.

"ఇంటికొచ్చిన కొత్త బట్టను ఎవరన్న వాపసిస్తరా?"

కోమల సబ్బు పెట్టి రుద్దింది. పసుపు ఎర్రబడింది. ఇంకా రుద్దితే ఇంకా ఎర్రబడింది. చేసేది లేక, తిరగేసినవి తిరగేసినట్టే దండెం మీద ఆరేసింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన తండ్రి దివాకర్‌కు బిడ్డ లాగుల మోకాళ్ల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. ఫోన్ చేస్తే అనూహ్య ఎత్తలేదు, క్లాసులో ఉంది. వంటింట్లో ఉన్న భార్యను అడగాలని ఆయనకు తోచలేదు. కోచ్ ఏసోబుకు చేశాడు.

"సార్, పిల్ల మోకాళ్లు రెండూ పలిగినయ్! మూడు లాగులు మార్చినా రక్తం ఆగలే!"

సాయంత్రం ఏసోబు బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చేసరికి అనూహ్య వాకిట్లో సైకిల్ దిగుతోంది.

"గిదేంది? నీ పేరు తీసేయించిన గదనే!"

"ఎందుకు సార్? నాకేమైంది?"

అందరూ దివాకర్ వైపు చూశారు. ఆయన దండెం వైపు చూశాడు.

అనూహ్య మందపుది తొడిగి వీధి చివరిదాకా తొక్కి చెమటలతో వచ్చింది. పట్టీలది భుజాలు కోసింది. సన్నది తొడిగి పానగల్లు దారి పట్టింది, వెంట స్కూటర్ మీద ఏసోబు. చలిగాలి లేచిన వేళ స్కూటర్ కంటే ముందు ఆమే వాకిట్లో దిగింది.

"మోకాళ్లు పట్టినయా?"

"లేదు సార్. వెచ్చగున్నయ్."

ఏసోబు అక్కడే నిలబడి పోటీవాళ్లకు ఫోన్ చేసి పేరు మళ్లీ రాయించాడు. "మా నల్లగొండ పిల్ల" అని రెండుసార్లు చెప్పాడు.

"సన్నదే సరిపోతదని నేను ముందే అనుకున్న" అంది కోమల.

"నేను పసుపు పెట్టబట్టె" అంది సావిత్రమ్మ.

రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నాక ఆమే తీర్మానం చెప్పింది. "సన్నది పిల్లది. మందపుది నాది, చీర లోపట తొడుక్కుంట. పట్టీలది నీది దివాకరూ. రేపటి సంది పిల్ల వెనక నువ్వే సైకిల్ మీద పో. బిడ్డ మోకాళ్లు ఎట్లున్నయో నీ కండ్లతోటే చూసుకో."

ఆ తీర్మానానికి దివాకర్ పొట్ట ఒక్కటే అడ్డు చెప్పింది; దాని మాట ఎవరూ లెక్కచేయలేదు.