పదో రోజు మొక్క

రెండో తరగతి చదవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. విద్యాశాఖ పెద్దలు ఎన్నో సమావేశాలు పెట్టుకుని ఈ సంగతి కనిపెట్టారు. ఒక్కో పిల్లకి ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక ఫోను, ఒక కత్తెర తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఏర్పాటుకి ‘స్వయం అభ్యాస పథకం’ అని పేరు. (స్వయం అంటే ఎవరన్నది ఉత్తర్వులో వివరించలేదు.)

ఆ పథకం పుణ్యమా అని చిట్టి వాళ్ళింట్లో మధ్యాహ్నం నుంచి వాదన నడుస్తోంది. ఇప్పటికే రెండుసార్లు ఆగి, రెండుసార్లు మళ్ళీ మొదలైంది. పది రోజుల్లో మొలిపించి బడికి తీసుకెళ్ళాల్సిన వేరుశనగ గింజని చంపింది ఎవరన్నది అందులో తేలాల్సిన విషయం.

గింజ పోయిందని నిర్ధారించింది నాయనమ్మ. తొమ్మిది రోజులుగా గాజు గ్లాసులో తడి దూది మీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న దాన్ని ఆవిడ రెండు వేళ్ళతో పైకి తీసింది. కళ్ళజోడు సర్దుకుని చూసింది, వాసన చూసింది, చివరికి కొరికింది.

“ఇది వేయించిన గింజ,” అంది. కాసేపు నమిలి, “ఉప్పు కూడా వేశారు,” అంది.

చిట్టి తల్లి మొగుడి వైపు తిరిగింది. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లో కాటా అరగ్రాము అటూ ఇటూ అయినా వదిలిపెట్టని మనిషి. మొదటి రోజు పొద్దున్నే బూట్ల లేసులు కట్టుకుంటుంటే కూతురు వచ్చి గింజ కావాలంది. చొక్కా జేబులో పొట్లం ఉంది. ఒకటి తీసి ఇచ్చాడు. గింజ అడిగింది, గింజ ఇచ్చాను, పచ్చిదా వేయించిందా అని అది అడగలేదు కదా అని ఆయన వాదన. దగ్గరుండి నీళ్ళు పోయించిన నీకైనా తెలియొద్దా అన్నది అందులో రెండో భాగం. పంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసుకునే తనకి గింజల నాడి చూడటం ఎవరూ నేర్పలేదని ఆవిడ జవాబు.

“చిన్నప్పుడూ వీడింతే,” అంది నాయనమ్మ, ఎవరి పక్షమో తేల్చకుండా.

వీళ్ళ మధ్యలో కూర్చుని చిట్టి తన పరిశీలన పుస్తకం రాసుకుంటోంది. దానికి ఏడేళ్ళు. బళ్ళో టీచరు రోజూ చూసింది చూసినట్టు రాయమంది కాబట్టి అలాగే రాస్తోంది. ‘ఒకటో రోజు: నీళ్ళు పోశాను. ఏమీ రాలేదు.’ ‘నాలుగో రోజు: ఏమీ రాలేదు. దూది మాత్రం పసుపు రంగు అయింది.’ ‘ఏడో రోజు: ఒక చీమ వచ్చింది. చూసి వెళ్ళిపోయింది.’ ఇప్పుడు పెన్సిలు చెక్కుకుని తొమ్మిదో రోజు కింద, ‘నాయనమ్మ గింజ తినేసింది’ అని రాసింది.

తల్లి ఆ వివరాలన్నీ బడివాళ్ళ యాప్‌లో ఎక్కించబోయింది. ఎత్తు అన్న గడి నాలుగు సెంటీమీటర్లకి తక్కువైతే తీసుకోదు, పదిహేనుకి ఎక్కువైతే తీసుకోదు. సున్నా కొడితే, ‘మీ చిన్నారి ఎదుగుదల మాకు ముఖ్యం. ఎదిగిన తరవాత మళ్ళీ ప్రయత్నించండి’ అని వచ్చింది. పరిశీలన అన్న గడిలో ‘ఏమీ రాలేదు’ అని పెడితే అది చెరిపేసి, ఆమోదం పొందిన మూడు వాక్యాలు చూపించి ఒకటి ఎంచుకోమంది. మూడింట్లోనూ మొక్క ఆనందంగానే ఉంది.

ఇదంతా వదిలేద్దామంటే వరసల గొడవ ఒకటుంది. తరగతి గదిలో బల్లలు మూడు వరసలు. మొదటిది ‘ఉదయించినవారు’, రెండోది ‘ఉదయిస్తున్నవారు’, మూడోది ‘ఉదయించబోయేవారు’. మూడూ సమానమేనని ఉత్తర్వులో రెండు చోట్ల ఉంది. (మూడో వరస చెప్పుల అరల పక్కకి రావడం గది ఆకారం వల్ల జరిగిందని అడుగున చిన్న అక్షరాల్లో వివరణ.) ప్రతి ప్రాజెక్టు తరవాతా మార్కుల్ని బట్టి పిల్లలు వరసలు మారతారు. చిట్టి ఇప్పుడు రెండో వరసలో ఉంది. దాని పక్కన గువ్వ. ఆ పిల్ల అసలు పేరు ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ బళ్ళో ఏం జరిగినా చిట్టి గువ్వతో మొదలుపెట్టి గువ్వతోనే ముగిస్తుంది.

“మొక్క రాకపోతే నన్ను వెనక కూర్చోబెడతారా?” అని అడిగింది చిట్టి. “గువ్వ గింజ మొలిచింది. వాళ్ళింట్లో ఎవరూ ముట్టుకోలేదు. వాళ్ళమ్మకీ నాన్నకీ ఆసుపత్రిలో డ్యూటీలు.”

“నువ్వెక్కడికీ వెళ్ళవు. గువ్వ పక్కనే కూర్చుంటావు,” అంది తల్లి. “ఆ పూచీ నాది.”

పూచీ పడ్డాక ఊరుకుంటే కుదరదు. ఆవిడ టీచరుకి ఫోన్ చేసింది. ఆ పూటకి అది పదకొండో ఫోనని టీచరు గొంతే చెప్పింది.

“మీ పాప పుస్తకం మొన్న స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించానండీ. ముప్పై తొమ్మిది మందిలో నిజంగా చూసి రాసింది ఇద్దరే. మీ పాప, గువ్వ,” అందావిడ. “కానీ రాలేదని ఎక్కించడానికి నాకు గడి లేదు.” తరవాత, దీనికీ దానికీ సంబంధం లేనట్టు, బస్టాపు వెనక నర్సరీ ఏడింటి దాకా తెరిచే ఉంటుందని చెప్పి పెట్టేసింది.

నర్సరీ అతను వీళ్ళని చూసి మొక్క పేరు అడగలేదు.

“ఎన్నో తరగతమ్మా?”

“రెండు.”

“ఎన్నో రోజు?”

“రేపటికి పది.”

“పదో రోజువి అయిపోయాయి. పొద్దుటి నుంచీ ఒకటే తాకిడి. పద్నాలుగో రోజుది ఒకటుంది, తీసుకెళ్ళండి.” నల్ల కవరులో చిక్కుడు మొక్కని చేతిలో పెడుతూ, మూడో తరగతి గొంగళిపురుగులు వచ్చే ఏడాది మొదట్లోనే అయిపోతాయనీ, ఇప్పుడే పేరు రాయించుకుంటే మంచిదనీ చెప్పాడు. చిట్టి తల్లి రాయించుకుంది.

ఇంటికొచ్చి కొలిస్తే పంతొమ్మిది సెంటీమీటర్లుంది. ఇన్‌స్పెక్టరు తన శాఖ ముద్ర ఉన్న స్టీలు స్కేలు తెచ్చాడు. తక్కువున్నదాన్ని పట్టుకోవడమే తప్ప ఎక్కువున్నదాన్ని తగ్గించడం తన ఉద్యోగంలో ఎప్పుడూ లేదని గొణుక్కుంటూనే, సరిగ్గా పదకొండున్నర దగ్గర కత్తెర పెట్టాడు. కోత ఎంత తిన్నగా వచ్చిందంటే తనే ఒకసారి పక్కకి వంగి చూసుకున్నాడు.

“నాన్నా, వేరుశనగ వేస్తే చిక్కుడు వచ్చిందని రాయాలా?” అంది చిట్టి, పుస్తకం తెరిచి పట్టుకుని.

“మొక్క వచ్చిందని రాయి.”

“మనం కోసింది?”

“అది రాయక్కర్లేదు,” అని తల్లి పుస్తకం మూసేసింది.

ఇక మిగిలింది ధ్రువీకరణ పత్రం. ఈ మొక్కని తమ బిడ్డ ఎవరి సాయమూ లేకుండా పెంచిందని తల్లిదండ్రులు సంతకం చేయాలి. అది నిజమేనని ఇంట్లో పెద్దవాళ్ళొకరు సాక్షి సంతకం పెట్టాలి.

“ఈ వయసులో నాకిదేం పనమ్మాయ్,” అంది నాయనమ్మ.

“తప్పదత్తయ్యా. లేకపోతే వెనక్కి పంపుతారు.”

ఆవిడ గుండ్రంగా సంతకం పెట్టి, ఉప్పు సంగతి ఎక్కడ రాయమంటావని అడిగింది.

మర్నాడు తరగతికి స్వయం అభ్యాస పర్యవేక్షణాధికారి వచ్చాడు. ముప్పై ఎనిమిది మొక్కలు ఒకే రకం నల్ల కవర్లలో వరసగా నిలబడి ఉన్నాయి. ఇన్ని ఇళ్ళలో ఇంతమంది పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఇంత సమానంగా పెంచగలగడం పథకం సాధించిన విజయమని ఆయన అక్కడికక్కడే డైరీలో రాసుకున్నాడు. చిట్టి మొక్క దగ్గర మరీ ఎక్కువసేపు ఆగాడు. కొస అంత చదునుగా ఉన్న మొక్కని తన సర్వీసులో చూడలేదన్నాడు. పిల్లలో క్రమశిక్షణ ఉంటే తప్ప అలా రాదన్నాడు. పదికి పది వేశాడు.

ముప్పై తొమ్మిదోది గువ్వ మొక్క. పాత మగ్గులో మూడు సెంటీమీటర్లు లేచి, వెలుతురు వైపు మెడ తిప్పుకుని ఉంది. ఒక ఆకు మీద వేరుశనగ పొట్టు ఇంకా ఊడకుండా టోపీలా అంటుకుని ఉంది. ఎవరు సాయం చేశారని ఆయన అడిగాడు. ఎవరూ లేరంది గువ్వ. ఆయన ‘కొలతకి అందలేదు’ అని రాసి, పక్కన ‘ఇంటి సహకారం లోపించింది’ అని చేర్చాడు.

ఫలితాలు సాయంత్రం భోజనాల వేళకి ఫోనులోకి వచ్చాయి. తల్లి పైకి చదివింది. చిట్టి, ఉదయించినవారు, మొదటి వరస. తండ్రి ఏదీ చూడనీ అని ఫోను లాక్కున్నాడు. స్కేలు తనదని ఎవరైనా గుర్తుచేస్తారేమోనని చుట్టూ చూశాడు.

“గువ్వ?” అంది చిట్టి.

తల్లి ఫోను తీసుకుని జాబితాలో కిందికి వెళ్ళింది. అడుగు దాకా వెళ్ళింది. గువ్వ, ఉదయించబోయేవారు, మూడో వరస. ఆవిడ దాన్ని పైకి చదవలేదు. చిట్టి ఆవిడ మొహం వైపు చూసింది. కంచంలో మిగిలింది తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ వచ్చి తన పీట మీదే కూర్చుంది.

వచ్చే ప్రాజెక్టు వాన నీళ్ళు కొలవడమని తల్లి, మాట మార్చడానికన్నట్టు చెప్పింది. ఆఫీసులో మంచి కొలపాత్ర ఉందనీ, రేపే పట్టుకొస్తాననీ తండ్రి అన్నాడు. వాన పడకపోతే ఎలారా అంది నాయనమ్మ. కుళాయి ఉంది కదా అన్నాడాయన.

“అది ఎవరూ ముట్టుకోకండి,” అంది చిట్టి. గొంతు పెంచలేదు. ముగ్గురినీ ఒక్కొక్కరినే చూస్తూ చెప్పింది. “ఇక నుంచి అన్నీ నేనొక్కదాన్నే చేసుకుంటాను.”

“ఏం తల్లీ, మేం బాగా చెయ్యలేదా?” అన్నాడు తండ్రి.

“బాగానే చేశారు,” అంది చిట్టి. “నేను చేసుకుంటేనే గువ్వ పక్కకి పంపిస్తారు.”