సేవించరాదు

కేంద్ర ప్రభుత్వ సెక్షన్ ఆఫీసరు శేషగిరి గారి ఇంట్లో ప్రమాదకర ద్రవాలన్నీ నిబంధనల ప్రకారమే ఉండేవని ముందుగా మనవి. 1994 వేసవిలో దేశ రాజధానిలోని ఆర్కే పురం క్వార్టర్సుకు కరెంటు కోతలు మొదలవగానే ఆయన కూల్‌డ్రింకు సీసాలో కిరసనాయిలు పోసి, మూతికి కాగితం కుక్కి, వంటింటి గట్టు కింద పెట్టి, స్వహస్తాలతో మూడు భాషల్లో చీటీ రాసి అంటించారు. హిందీ, ఇంగ్లీషు రాజభాషా నియమం కోసం, తెలుగు మాతృభాషాభిమానం కోసం. 'సేవించరాదు' కింద ఎర్రసిరాతో గీత కూడా గీశారు. ఆ ఇంట్లో దాన్ని సేవించగల ఏకైక వ్యక్తి, ఆయన కొడుకు చైతుకు మూడున్నరేళ్లు. వాడికి ఏ భాషా చదవడం రాదు. ఈ స్వల్ప లోపాన్ని ఎవరూ ఆయన దృష్టికి తీసుకురాలేదు.

అలాగని ఆయన సామాన్యుడు కాదు. పసిపిల్లలకు ఇంట్లోని విషపదార్థాల వల్ల కలిగే ప్రమాదాల గురించి ప్రభుత్వం వేసిన పుస్తకాన్ని తెలుగు చేసిన ఘనుడు. ఎవరూ అడగక మిగిలిపోయిన ప్రతులు ఇంటికే వచ్చాయి. భార్య మాణిక్యాంబ వాటిని వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచింది.

ఒక ఆదివారం పొద్దున చైతు ఆ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. దగ్గుతూ హాల్లోకి వచ్చి, "పాపా, యే పానీ గందా హై" అని, నీళ్లు బాగాలేవని నాన్నకు హిందీలో ఫిర్యాదు చేశాడు. వాసన తగలగానే శేషగిరి గారు కేకలు పెట్టారు. అవి విని పైవాటా పద్మనాభం గారు దిగివచ్చి, ఉప్పునీళ్లు పట్టించి కక్కించమన్నారు. శేషగిరి గారు గ్లాసులో ఉప్పు కలిపేశారు కూడా.

మాణిక్యాంబ ఆ గ్లాసు లాక్కుంది. "కిరసనాయిలు తాగితే కక్కించకూడదండీ. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు ఆస్పత్రికి పదండి."

"నీకెవరు చెప్పారే?"

"మీ పుస్తకమే. పప్పుడబ్బా కింద ఉంది."

ఆ పుస్తకాన్ని చదివిన మనిషి ఒకరున్నారని ఆయనకు తెలియడం అదే మొదలు. తెలుగు చేస్తున్నప్పుడు తాను కూడా చదవలేదన్న సంగతి అప్పుడే తట్టి, సిగ్గుతో చచ్చిపోయారు.

పద్మనాభం గారి కారులో ఆస్పత్రికి పరుగెత్తారు. పిల్లాడికి ఎక్స్‌రే తీసి, ఆక్సిజన్ పెట్టారు. మంచం పక్కన కూర్చుని శేషగిరి గారు బాధ్యులెవరన్న నివేదికను మనసులో రాసుకున్నారు. ఆఫీసు ఆనవాయితీ ప్రకారం తప్పు అందరికన్నా కింది ఉద్యోగిది కావాలి. ఆ ఉద్యోగి ముక్కులో గొట్టంతో ఆయాసపడుతున్నాడు. ఆయనకు ఏడుపు ఆగలేదు. మూడో రోజు చైతు లేచి కూర్చుని బిస్కెట్ అడిగాడు.

ఇంటికి రాగానే క్వార్టర్సంతా పలకరించడానికి వచ్చింది. తప్పు తనదేనని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ ఒప్పుకోలేదు. "చీటీ కూడా అంటించారు కదా, ఇంకేం చేస్తారు? మీవాడు మహా అల్లరి" అని ఆయన్ని ఏకగ్రీవంగా నిర్దోషిని చేశారు.

అందరూ వెళ్లాక పద్మనాభం గారు మిగిలారు. ఆయన చంకలో ఏడాదిన్నర మనవరాలు, ఆ పిల్ల చేతిలో మామిడిపండు బొమ్మ ఉన్న ఖాళీ సీసా.

"ఆ మిగిలిన కిరసనాయిలు మీరెలాగూ ఉంచరుగా. ఇందులో పోసేయండి."

"సీసాలో పొయ్యనండీ. గట్టి మూత ఉన్న డబ్బా తెచ్చుకోండి, మొత్తం మీకే ఇస్తాను."

"సీసా అయితే ఏంటటండీ? తాగడానికి నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

శేషగిరి గారు ఉద్యోగంలో చేరాక తొలిసారిగా, ఫైలు లేకుండానే, "కుదరదు" అన్నారు.

కన్నకొడుకు చేత కిరసనాయిలు తాగించినందుకు ఒక్క మాటైనా అనని క్వార్టర్సు, పొరుగాయనకు అరసీసా కిరసనాయిలు పొయ్యనన్నందుకు ఆయన్ని ఇవాళ్టికీ క్షమించలేదు.