మంత్రగత్తెకు పట్టా

"మంత్రగత్తెను చెడ్డదానిగా చూపించడానికి ఇక మీద మా ప్రభుత్వం ఒప్పుకోదు" అని మంత్రి వెంకటనారాయణ గారు చండ్రుగొండ సభలో ప్రకటించారు. మూఢనమ్మకాల నిర్మూలన కోసం సర్కారే సినిమా తీస్తుందట. మంత్రగత్తెల పక్షాన ఇంత ధైర్యంగా నిలబడ్డ నాయకుణ్ని మా వైపు ఎవరూ చూడలేదు.

వారం తిరక్కుండా యూనిట్ మా అడవిపల్లెలో దిగింది. పాత కథల్లో మంత్రగత్తెకు వంకర ముక్కు ఉంటుందనీ, పిల్లల్ని తింటుందనీ, తమ సినిమాలో మాత్రం తెల్లచీర కట్టి జలపాతం కింద పాట పాడుతుందనీ, తప్పంతా సమాజానిదేననీ డైరెక్టర్ గారు మాకు ఓపికగా చెప్పారు.

లొకేషన్‌గా జంపక్క చేను నచ్చింది. ఆ రెండెకరాల పోడుకు పట్టా కోసం ఆమె పదకొండేళ్లుగా తిరుగుతోంది. ఊళ్లో పది పాసయింది నేనొక్కదాన్నే కాబట్టి దరఖాస్తులు రాసేది నేనే. పసరు మందులిస్తుందని సర్పంచ్ దూలయ్య పదిమందిలో ఆమెను మంత్రగత్తె అనడం మామూలే.

"నాకో వేషమియ్యుండ్రి సారూ. మంత్రిగారొస్తే పట్టా సంగతి అడుగుకుంట" అంది జంపక్క.

డైరెక్టర్ ఆమెను నాలుగు వైపుల నుంచీ చూశారు. "మంత్రగత్తెలా లేవమ్మా."

"అవ్, గదే నేను గూడ చెప్తున్న ఇన్నేండ్లసంది."

క్లైమాక్స్‌లో హీరోయిన్‌కు పట్టా ఇచ్చే మంత్రిగా మంత్రిగారే నటించారు. "ఉత్తుత్తి కాగితం మీద నేను సంతకం పెట్టను" అన్నారు. ఎమ్మార్వో గారు అసలు ఫారం తెప్పించి, తాము నిలబడ్డ జంపక్క చేను సర్వే నంబరే వేసి, పేరు దగ్గర 'మంత్రగత్తె' అని రాశారు. కంటిన్యూటీ కోసం రిజిస్టర్‌లో కూడా ఎక్కించారు.

సినిమా మొదట మా ఊళ్లోనే తెర కట్టి చూపించారు. తన చేను కనబడగానే జంపక్క కూడా చప్పట్లు కొట్టింది.

మర్నాడు కొత్త దరఖాస్తుతో ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం.

"ఆ నంబరుకు పట్టా అయిపోయింది" అన్నారు ఎమ్మార్వో.

"ఎవలకు సారూ?"

"మంత్రగత్తెకు."

"గది సినిమా గద సారూ."

"సంతకం సినిమా కాదమ్మా. రద్దు చేసే పవర్ నాకు లేదు."

ఆయన దయగల మనిషి. కాసేపు ఆలోచించి దారి కూడా చూపించారు. ఆ మంత్రగత్తె ఈమేనని సర్పంచ్ సర్టిఫికెట్ ఇస్తే పట్టా చేతికిస్తారట.

బయటికొచ్చాక జంపక్క సంచిలోంచి తెల్లకాగితం తీసి నా చేతికిచ్చింది. "రాయి బిడ్డా" అంది.

రాసిన కాగితాన్ని దూలయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. "ఏందక్కా గిది? మంత్రగత్తెను నిన్ననే జూస్తిమి. గామె యాడ, నువ్ యాడ? తప్పుడు కాయిదం మీద సంతకం పెట్టి జైలుకు వోవాల్నా?"

దారిలో జంపక్క అడిగింది. "బిడ్డా, గసుంటి తెల్లచీర యాడ దొరుకుతది?"

సంతలో దొరికింది. మరుసటి పొద్దున ఆమె అది కట్టుకుని, జుట్టు విరబోసుకుని, సర్పంచ్ వాకిట్లో నిలబడి పాట ఎత్తుకుంది. నేను కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

దూలయ్య పాటంతా శ్రద్ధగా విన్నాడు. ఆమె వెనకాల ఒకసారి తొంగి చూశాడు.

"మరి జలపాతమేదక్కా?" అన్నాడు.