మంత్రిగారి పెడల్ పరీక్ష

నీటి సరఫరా మంత్రిగారు ఒక లారీ యాక్సిలరేటర్ పెడల్‌ను తన ప్రత్యక్ష పర్యవేక్షణలోకి తీసుకుంటున్నట్టు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఇంతకుముందు మంత్రులు రోడ్లను పట్టించుకున్నారు, వంతెనలను పట్టించుకున్నారు. కాలి కింద పడి నలిగే పెడల్ కష్టాన్ని గుర్తించింది మాత్రం వీరే.

పెడల్‌కు కష్టం ఉన్నమాట నిజమే. మిట్ట మీది కాలనీకి నీళ్లు మోసే లారీ అది. డ్రైవర్ ఎంత తొక్కాడో ఇంజిన్‌కు చేరవేసే సెన్సార్ ఆ పెడల్‌లోనే ఉంటుంది. అది పాడైనప్పుడల్లా లారీ మనిషి నడక వేగానికి దిగిపోయేది. కొత్తది వేస్తే కొన్నాళ్లు పరుగెత్తి మళ్లీ అదే వరస. కాలనీలో ఒక పెద్దావిడ మాత్రం మందుల షాపు నుంచి ఇంటిదాకా లారీ పక్కనే నడుస్తూ, డ్రైవర్‌తో కబుర్లాడుతూ, తోడు దొరికిందని సంతోషించేది.

"ఇకమీదట వారం వారం నేనే వచ్చి తనిఖీ చేస్తాను. లోపం డ్రైవర్‌దని తేలిందా, ఇంటికి పంపిస్తాను," అన్నారు మంత్రిగారు. ఆ సస్పెన్షన్ ఆర్డరు అప్పటికే టైపయి, తేదీ వేయకుండా, పి.ఏ. జేబులో ఉంది.

వెనక నిలబడ్డ లారీల షెడ్డు ఇంజినీరు కళ్లు ఆ జేబు మీదే ఉన్నాయి. డ్రైవర్ అతనికి చుట్టమేమీ కాదు. ఇంజినీరు భార్య ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో, అడక్కుండానే రోజూ క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయినవాడు.

మొదటి తనిఖీ రోజు లారీ అద్దంలా మెరిసింది. మంత్రిగారు క్యాబిన్‌లోకి తొంగి చూశారు.

"ఏమిటయ్యా దీని జబ్బు?"

"ఈ సెన్సార్ బండిలోని కంప్యూటర్‌కు రెండు కబుర్లు పంపుతుందండి. రెంటికీ పొంతన కుదరాలి. కుదరకపోతే కంప్యూటర్ దేన్నీ నమ్మదు, బండిని నెమ్మది చేసేస్తుంది," అన్నాడు ఇంజినీరు.

మంత్రిగారు విస్తుపోయారు. "రెండు మాటలు కలవకపోతే నమ్మడం మానేస్తుందా?"

"అవునండి."

"ఇంత అనుమానం పనికిరాదయ్యా. నేను పొద్దున ఒకటి చెప్తాను, సాయంత్రం ఒకటి చెప్తాను. ఎక్కడైనా ఏదైనా ఆగిందా?"

"జనానికి సంస్కారం ఉంది కదండి," అన్నాడు పి.ఏ.

మర్నాడే లారీ మళ్లీ నడక పట్టింది. వెంటనే ఉన్నత స్థాయి కమిటీ పడింది. లోపం పెడల్‌దా, పాదానిదా అని తేల్చడానికి డ్రైవర్ కుడికాలు తూచాలన్నారు.

"ఒక్క కాలే తూచాలంటే రెండోది ఎక్కడ పెట్టుకోనండీ?" అన్నాడు డ్రైవర్.

"అది రెండో సమావేశంలో చూస్తాం," అన్నారు అధ్యక్షులు.

రెండో తనిఖీ అయిన మర్నాడు కూడా లారీ మొరాయించింది. ఇంజినీరు క్యాబిన్ మెట్టు మీద గొంతుక్కూర్చుని పెడల్ దగ్గరి ప్లగ్గు ఊడదీశాడు. అరచేతిలో ఒక నీటిబొట్టు పడింది. లోపలి పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. అప్పుడు వెలిగింది అతనికి. ఇదివరకు పండగకో పబ్బానికో కడిగేవారు; ఇప్పుడు మంత్రిగారు వస్తున్నారంటే చాలు, ముందురోజు పైపు పెట్టి లారీని లోపలా బయటా కడిగేస్తారు.

పరుగున పి.ఏ. దగ్గరికి వెళ్లాడు.

"అంటే, మంత్రిగారు వస్తే బండి చెడుతుందంటావా?"

"కడిగితే చెడుతుందండి."

"కడిగేది ఎందుకు?"

"వారు వస్తున్నారని."

పి.ఏ. టీ కప్పు కింద పెట్టాడు. "కడగడం ఆపలేం. వారి రాక ఆపడం మన తరం కాదు. ఇంకేదన్నా ఉంటే ఆపుకో. లేదా ఈ ఆర్డరు మీద ఇవాళ్టి తేదీ వేసేస్తా."

షెడ్డు వెనక ఇంజిన్ ఊడదీసిన పాత లారీ ఒకటి ఉంది. ఇంజినీరు దానికి అదే రంగు, అదే నంబరు వేయించాడు. ఆనాటి నుంచి దాన్నే కడిగారు, దాన్నే చూపించారు. మంత్రిగారు ఎక్కి కూర్చుని పెడల్ తొక్కి, "చూశారా, చప్పుడే లేదు," అనేవారు. విలేకరులు రాసుకునేవారు. అసలు లారీ మాత్రం ప్లగ్గుకు గ్రీజు పూసుకుని, ఒంటినిండా దుమ్ముతో మిట్ట ఎక్కి దిగుతూ ఉండేది. ఒక్కసారి ఆగలేదు. పెద్దావిడకే తోడు పోయింది.

విజయం ఇంత నిలకడగా ఉండేసరికి మంత్రిగారికి ఉత్సాహం ఆగలేదు. "ఇవాళ ఇందులోనే కాలనీకి వెళ్తాను. ఎక్కవయ్యా డ్రైవరూ."

డ్రైవర్ ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు వెళ్లి నీళ్లతో నిండిన మురికి లారీ ఎక్కాడు. దాని ముందు బంపరును మంత్రిగారి బండి వెనక బంపరుకు మెత్తగా ఆనించి, పెడల్ తొక్కాడు. పెడల్ అద్భుతంగా అందుకుంది.

రెండు లారీలూ కలిసి మిట్ట ఎక్కాయి. మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. "ఎంత మెత్తగా పోతోందయ్యా. ఎవరో వెనకనుంచి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు ఉంది."

"అలాగే ఉందండి," అన్నాడు డ్రైవర్, రెండు చేతులతో స్టీరింగుతో కుస్తీ పడుతూ.

కాలనీలో బిందెలు వరసగా ఉన్నాయి. మంత్రిగారు దిగి, డ్రైవర్ భుజం తట్టి, "నీ పాదం నిర్దోషి," అని ప్రకటించారు. పి.ఏ. జేబులోంచి ఆర్డరు తీసి నాలుగు ముక్కలు చేశాడు. కెమెరాలు మెరిశాయి. బిందెలు మాత్రం ఒక్కొక్కటే వెనక లారీ వైపు జరగడం మొదలుపెట్టాయి. వాటి వెంట మంత్రిగారి చూపూ వెళ్లింది.

"ఏమిటిది? నా వెనక ఇంత మురికి బండా? ముందు దీన్ని కడగండి. లోపల కూడా."

దగ్గర్లో కుళాయి లేదు. అయినా ఇబ్బంది పడలేదు. లారీకే పైపు ఉంది, ట్యాంకు నిండా నీళ్లున్నాయి.

క్యాబిన్‌లోకి ధార పడుతుంటే డ్రైవర్ మెల్లగా ఇంజినీరు పక్కకు చేరాడు. "సారూ, రేపు నాకు లీవు ఇప్పించండి."

"నేనూ అదే అనుకుంటున్నా."

పెద్దావిడ ఇద్దరినీ చూసింది, లారీని చూసింది. మందుల సంచి భుజానికి సర్దుకుని, క్యాబిన్ మెట్టు మీంచి కారుతున్న నీళ్ల కింద తన బిందె పెట్టింది.